తకిట తకిట తకిట తక

2000 ఆగస్టులో ఎమ్మెస్ చెయ్యడానికి అలబామా వెళ్ళాను. నెల తిరిగేసరికి తెచ్చుకున్న డబ్బులు అయిపోయాయి. క్యాంపస్‌లో దొరికే పనుల్లో లైబ్రరీకీ ల్యాబుకీ పోటీ ఎక్కువ. పోటీ లేనిది ఒక్కటే, డైనింగ్ హాల్లో గిన్నెలు కడగడం. గంటకు 5 డాలర్ల 15 సెంట్లు, వారానికి 20 గంటలకు మించకూడదు. చేరిపోయాను. ఇంటికి ఫోన్ చేసి "యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ జాబ్ వచ్చింది" అని చెప్తే, అమ్మ అది పిల్లలకు పాఠాలు చెప్పడం అనుకుంది. నేనూ కాదనలేదు.

గిన్నెలు కడిగే గదిని డిష్ రూమ్ అనేవాళ్ళు. బెల్టు మీద ట్రేలు వస్తూనే ఉంటాయి. ఒకరు మిగిలిన తిండిని తొట్టిలోకి తోసెయ్యాలి, ఒకరు పళ్ళేలు ర్యాకుల్లో సర్దాలి, ఇంకొకరు మెషిన్ అవతల నిలబడి పొగలు కక్కుతూ వచ్చే ర్యాకులు అందుకోవాలి. కొత్తవాణ్ణి కాబట్టి మొదటి పని నాది. తినగా వదిలేసిన పిజ్జా అంచులూ కెచప్‌లో నానిన టిష్యూలూ చేత్తో తీస్తుంటే, చిన్నప్పుడు పళ్ళెంలో నాలుగు మెతుకులు వదిలినందుకు నాన్నమ్మ పెట్టిన చీవాట్లన్నీ గుర్తొచ్చేవి.

పైన అల్మరాలో ఒక రేడియో ఉండేది. యాంటెన్నా ఎప్పుడో విరిగిపోతే ఆ కన్నంలో ఒక ఫోర్కు గుచ్చారు. అది పట్టేది ఒక్కటే స్టేషన్, పొద్దస్తమానం డెబ్భైల నాటి రాక్ పాటలు వేసేది.

మా సూపర్‌వైజర్ యాభై దాటిన మనిషి. పక్క రాష్ట్రం జార్జియాలో మేకన్ ఆయన సొంత ఊరు. మొదటి రోజు ఏప్రన్ చేతికిస్తూ "ఇండియాలో ఎక్కడ?" అని అడిగారు. ఆంధ్రా అంటే ఆయనకేం తెలుస్తుందిలే అని "సౌత్, సర్" అన్నాను.

"అయితే నువ్వూ సదరనర్‌వే. ఇంకేం, నీకు ఇక్కడ బానే ఉంటుంది" అని నవ్వారు.

ఆ గదిలో అసలు పని గిన్నెలు కడగడం కాదని నాకు రెండు వారాల్లో అర్థమైంది. అసలు పని వాదన. సదరన్ రాక్‌లో, అంటే అమెరికా దక్షిణాది రాష్ట్రాల రాక్ సంగీతంలో, గొప్ప బ్యాండ్ ఏది, గొప్ప పాట ఏది. సూపర్‌వైజర్ ఆల్‌మన్ బ్రదర్స్ మనిషి. ఆయనకు ఎదురుపక్షం, మెషిన్ అవతల నిలబడే ఫ్లోరిడా జాక్సన్‌విల్ కుర్రాడు. వాడికి లెనర్డ్ స్కినర్డ్ తప్ప ఇంకో దేవుడు లేడు. మా ఊరి టీ కొట్టు దగ్గర చిరంజీవి, బాలకృష్ణ అభిమానుల గొడవలు చూస్తూ పెరిగినవాణ్ణి కనక ఈ ఆట రూలు నాకు తెలుసు. ఎదుటివాడి హీరోని తిట్టాలంటే ముందు వాడి సినిమాలన్నీ మొదటి రోజే చూసి ఉండాలి. వీళ్ళిద్దరూ అలాగే, అవతలి బ్యాండు పాటలు తమవాటికన్నా బాగా తెలిసినవాళ్ళు.

తమాషా ఏంటంటే, రెండు బ్యాండ్లూ పుట్టింది జాక్సన్‌విల్‌లోనే. ఆల్‌మన్ సోదరుల బ్యాండు 1969 మార్చిలో అక్కడే తయారైంది, తర్వాత క్యాప్రికార్న్ రికార్డ్స్ కంపెనీ ఉన్న మేకన్‌కి మకాం మార్చింది. దాంతో ఆ బ్యాండు మా ఊరిది అంటాడు కుర్రాడు, పురిటికి పుట్టింటికి వెళ్ళినంత మాత్రాన బిడ్డ ఆ ఊరివాడు అవుతాడా అన్నట్టు చూస్తారు సూపర్‌వైజర్. స్కినర్డ్ పేరు కథ కూడా కుర్రాడే చెప్పాడు. జుట్టు పెంచుకున్న పిల్లల వెంటపడే వాళ్ళ స్కూలు పీటీ మాస్టారు పేరు లెనర్డ్ స్కినర్. ఆయన మీద కసితో అక్షరాలు అటూ ఇటూ చేసి బ్యాండుకి పెట్టేశారు. పలకడం ఎవరికీ రాదని 1973లో వచ్చిన మొదటి రికార్డుకు, ఆ పేరును ఎలా పలకాలో అదే టైటిల్‌గా పెట్టారు. మాస్టార్లకు మారుపేర్లు పెట్టడం మనకు కొత్త కాదు. కానీ మా లెక్కల మాస్టారి మారుపేరుతో ఎవరూ లక్షల రికార్డులు అమ్మలేదు.

మొదట్లో నాకు అంతా ఒకే గోలలా వినిపించేది. నాకు తెలిసిన సంగీతం ఇళయరాజా, దాని వెనక ఎక్కడో మా పెదనాన్న మృదంగం. గుడివాడ చుట్టుపక్కల హరికథలకు వాయించేవారాయన. వేసవి సెలవుల్లో నన్ను కూర్చోబెట్టుకుని తొడ మీద తాళం వేయించేవారు. రెండు వేసవులు నేర్చుకుని, క్రికెట్ పిచ్చిలో పడి వదిలేశాను.

అది అక్టోబరో నవంబరో. రాత్రి మూసేసే వేళ. రేడియోలో ఒక బేస్ గిటార్ ఒంటరిగా మొదలైంది, ఎవరో మెట్లు దిగుతూ చివరి మెట్టు దగ్గర తడబడ్డట్టు. సూపర్‌వైజర్ నీళ్ళ గొట్టం కట్టేశారు. "విప్పింగ్ పోస్ట్. ఫిల్‌మోర్ ఈస్ట్‌లో వాయించింది. ఇరవై మూడు నిమిషాలు. ఎవరూ కదలొద్దు" అన్నారు. న్యూయార్క్‌లోని ఆ హాల్లో 1971 మార్చిలో రికార్డ్ చేసిన కచేరీ అది.

నేను అలవాటు కొద్దీ తొట్టి అంచు మీద వేళ్ళతో తాళం వేశాను. నాలుగుకి సరిపోలేదు. మూడుకి సరిపోయినట్టే ఉండి చివర్లో కాలు జారింది. రెండుసార్లు తప్పాక చెయ్యి దానంతటదే దారి కనుక్కుంది. తకిట తకిట తకిట తక. మూడు, మూడు, మూడు, రెండు. పదకొండు. మళ్ళీ తకిట తకిట తకిట తక. సరిగ్గా అతికింది. నాకు తెలియకుండానే పైకి అనేస్తున్నాను.

సూపర్‌వైజర్ నా వైపు తిరిగారు. "ఇప్పుడేమన్నావ్? మళ్ళీ అను."

అన్నాను. ఆయన వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టారు. పదకొండో వేలు లేక రెండో చెయ్యి మళ్ళీ మొదలుపెట్టారు. తర్వాత చెప్పారు: ఆ పాట రాసిన గ్రెగ్ ఆల్‌మన్‌కి కూడా అది పదకొండని తెలియదట. మూడేసి మూడుసార్లు, తర్వాత మళ్ళీ మొదటికి గెంతడానికి ఒక రెండు, అంతే అనుకున్నాడట. అది పదకొండురా అని అన్న డువేన్ చెప్పాల్సి వచ్చిందట. ఈ మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. మా పెదనాన్నకి అంకెలతో పని లేదు, ఆయనకూ అది పదకొండు కాదు, తకిట తకిట తకిట తకే.

ఆ రాత్రి నుంచి నేను వాదనలో పార్టీనయ్యాను. అంతకుముందు నన్ను "హే" అని పిలిచే జాక్సన్‌విల్ కుర్రాడు "హే తకిట" అనడం మొదలుపెట్టాడు. వారం తిరక్కుండానే పదకొండు లెక్కపెట్టుకుంటూ నడుస్తూ ఒక ర్యాకు గ్లాసులు నేలకేసి కొట్టాను. ముప్ఫై ఆరు గ్లాసులు. సూపర్‌వైజర్ చీపురు చేతికిచ్చి "తక దగ్గర పడేశావు, తాళంలోనే ఉంది" అన్నారు.

కుర్రాడు అంత తేలిగ్గా లొంగే రకం కాదు. పదకొండైతే ఏంటి, పరీక్ష రాయాలా? పాట అంటే బార్లో ఉన్న ప్రతివాడూ పాడాలి అనేవాడు. 'ఫ్రీ బర్డ్' వాడి బ్రహ్మాస్త్రం. గిటారిస్టు అలెన్ కాలిన్స్‌ని అతని ప్రేయసి, రేపు నేను వెళ్ళిపోతే నన్ను గుర్తుంచుకుంటావా అని అడిగిందట. ఆ ప్రశ్నే పాటకి మొదటి లైనైంది. నెమ్మదిగా మొదలై, సగం దాటాక పగ్గాలు తెంచుకున్న గుర్రంలా పరిగెడుతుంది. ఈ దేశంలో ఏ కచేరీకి వెళ్ళినా, ఎవరు వాయిస్తున్నా, వెనక వరసలోంచి ఒకడు "ఫ్రీ బర్డ్!" అని అరుస్తాడు. "మీ పదకొండు పాట వాయించమని ఎవడైనా అరిచాడా?" అనేవాడు. దీనికి మా దగ్గర జవాబు ఉండేది కాదు.

సూపర్‌వైజర్ ఎదురుదెబ్బ 'స్వీట్ హోమ్ అలబామా' మీద కొట్టేవారు. కెనడావాడు నీల్ యంగ్ దక్షిణాదిని దెప్పుతూ రెండు పాటలు రాస్తే, దానికి జవాబుగా 1974లో వచ్చిన పాట. రాసినవాళ్ళు ముగ్గురు. ఇద్దరిది ఫ్లోరిడా, ఇంకొకరిది కాలిఫోర్నియా. "అలబామాలో పుట్టినవాడు ఒక్కడు లేడు. అలబామాలో నిజంగా పనిచేసింది మా డువేన్" అనేవారు. అది నిజం. బ్యాండు పెట్టకముందు డువేన్ ఆల్‌మన్ అలబామాలోనే మజిల్ షోల్స్ అనే చిన్న ఊళ్ళో, ఫేమ్ స్టూడియోలో డబ్బులకి గిటార్ వాయించాడు. స్లైడ్, అంటే తీగల మీద జారుస్తూ, వాయించడానికి అతను వేలికి తొడుక్కున్నది జలుబు మాత్రల గాజు సీసా. దాని గురించి విన్న రోజు నేను కూడా మందుల షాపులో సీసాల వైపు చూశాను. అప్పటికి అన్నీ ప్లాస్టిక్ అయిపోయాయి.

ఈ గొడవలో ఎప్పుడూ నోరు విప్పని మనిషి ఒకావిడ ఉండేది. వంటింట్లో మొక్కజొన్న రొట్టెలు కాల్చే నల్లజాతి పెద్దావిడ, సెల్మా దగ్గర పల్లెటూరు. 'స్వీట్ హోమ్ అలబామా' రాగానే ఆవిడ ట్రే పట్టుకుని లోపలికి వెళ్ళిపోయేది. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను, "ఆ పాట మీకు నచ్చదా మ్యామ్?" అని.

"పాట బానే ఉంటుంది. వాళ్ళ వెనక కట్టే జెండాతోనే నాకు గొడవ" అంది. స్కినర్డ్ అప్పట్లో, బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ జెండా కట్టుకుని స్టేజీ ఎక్కేవాళ్ళు. 1965లో సెల్మాలో ఓటు హక్కు కోసం నడిచినవాళ్ళని పోలీసులు వంతెన మీద కొట్టినప్పుడు ఆవిడకు పదహారేళ్ళు. ఆ పాటలో, నల్లవాళ్ళని వేరుగా ఉంచాలన్న అలబామా గవర్నర్ ప్రస్తావన రాగానే వెనక నుంచి "బూ" అని వినిపిస్తుంది. అది గవర్నర్‌ని ఛీకొట్టడమేనని కుర్రాడు ఎన్నోసార్లు చెప్పాడు. ఆవిడ విని ఊరుకుంది. నేను మాత్రం ఆ తర్వాత ఆ పాటకి గిన్నెల మీద దరువెయ్యడం మానేశాను.

గొప్ప బ్యాండ్ ఏదంటారు అని అడిగితే ఆవిడ ఒక్క మాట చెప్పింది. "మేకన్లో ఓటిస్ రెడ్డింగ్ ఉన్నాడు, లిటిల్ రిచర్డ్ ఉన్నాడు. ఈ పిల్లలు బాగా వాయిస్తారు. ఎక్కడ నేర్చుకున్నారో అడుగు." సూపర్‌వైజర్ విన్నారు. ఒప్పుకున్నట్టు తల ఊపారు. ఆల్‌మన్ బ్రదర్స్ డ్రమ్మర్లిద్దరిలో జైమో నల్లజాతివాడనీ, 1969లో జార్జియాలో అలాంటి బ్యాండు కలిసి ఒక హోటల్లో కూర్చుని తినడమే పెద్ద సంగతనీ ఆయన అన్నారు. ఆవిడ "ఊఁ" అని రొట్టెలు చూసుకోవడానికి వెళ్ళిపోయింది. ఆ పూట వాదన జరగలేదు.

మా గదిలో ఇంకో కోర్టు నడిచేది. నా రూమ్మేట్‌ది రాజమండ్రి. మావా అంటే మావా అనుకునేవాళ్ళం. నేను ఇంటికి మోసుకొచ్చే పేర్లు విని వాడికీ పిచ్చి పట్టింది. వాడి ఓటు మార్షల్ టక్కర్ బ్యాండ్‌కి. కారణం ఏంటంటే 'కాంట్ యూ సీ' ఫ్లూటుతో మొదలవుతుంది. "రాక్ పాటలో వేణువు పెట్టాడంటే వాడు మనవాడే మావా" అనేవాడు. సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్ బ్యాండు అది. మార్షల్ టక్కర్ అనేవాడు అందులో ఎవడూ లేడు, ప్రాక్టీసు గది తాళంచెవికి ఉన్న బిళ్ళ మీద ఆ పేరు కనిపిస్తే పెట్టేసుకున్నారు. క్రీడెన్స్ అనే బ్యాండు గురించి మాత్రం రెండు కోర్టుల్లోనూ ఒకటే తీర్పు. గొంతు బురద నీళ్ళలో పుట్టినట్టు ఉంటుంది గానీ మనుషులు కాలిఫోర్నియా వాళ్ళు, చెల్లదు. జీజీ టాప్ బ్యాండుని టెక్సాస్ వాళ్ళని పక్కన పెట్టారు, నాకు అది అన్యాయమనే అనిపించింది, ఇప్పటికీ.

నా ఓటు ఇంతకీ 'విప్పింగ్ పోస్ట్' కాదు. అదే కచేరీలో ఉన్న 'ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్'. మాటల్లేవు, పదమూడు నిమిషాల వాద్య సంగీతం, ఆల్‌మన్ బ్రదర్స్ రెండో గిటారిస్టు డికీ బెట్స్ కట్టినది. మా ఊరి సన్నాయి మేళంలో ఇద్దరూ ఒకే స్వరం పట్టుకుని వెళ్తారు. ఇక్కడ రెండు గిటార్లూ ఒకే దారిలో నడుస్తాయి గానీ ఒకటి గట్టు మీద, ఇంకొకటి గట్టు కింద. ఆ పేరు మేకన్లోని రోజ్ హిల్ శ్మశానంలో ఒక సమాధి మీది నుంచి తీసుకున్నాడు. బ్యాండు కుర్రాళ్ళు తిరగడానికి అక్కడికే వెళ్ళేవాళ్ళు.

అది చూడాలని 2001 వసంతంలో రూమ్మేట్ పాత కరోలాలో బయల్దేరాం. పులిహోర డబ్బా ఒకటి, సూపర్‌వైజర్ టిష్యూ మీద గీసిచ్చిన మ్యాపు ఒకటి. చట్టహూచీ నది దాటితే జార్జియాలో గడియారం గంట ముందుంటుందన్న సంగతి ఇద్దరం మర్చిపోయాం. చేతిలో డబ్బుల్లేని రోజుల్లో ఆ బ్యాండుకి అప్పు మీద అన్నం పెట్టిన హెచ్ అండ్ హెచ్ హోటల్ దగ్గరకు వెళ్ళేసరికి మూసేశారు. కారులోనే కూర్చుని పులిహోర తిని శ్మశానానికి వెళ్ళాం.

రోజ్ హిల్ మెట్లు మెట్లుగా ఓక్మల్గీ నదిలోకి దిగుతుంది. కింద రైలు పట్టాలు. డువేన్ ఆల్‌మన్, బేస్ గిటార్ బెర్రీ ఓక్లీ పక్కపక్కన ఉన్నారు, రాతి మీద గిటార్లు చెక్కి. డువేన్ 1971 అక్టోబర్ 29న మేకన్ వీధుల్లో మోటార్ సైకిల్ ప్రమాదంలో పోయాడు. ఏడాదీ పదమూడు రోజులకి, అక్కడికి మూడు వీధుల అవతల, బెర్రీ కూడా మోటార్ సైకిల్ మీదే. ఇద్దరికీ 24 ఏళ్ళు. రూమ్మేట్ మెల్లగా "మావా, నీకెన్ని?" అన్నాడు. ఇరవై నాలుగు. వాడికి ఇరవై మూడు. కింద గూడ్సు బండి పోతుంటే చాలాసేపు ఏం మాట్లాడుకోలేదు. ఎలిజబెత్ సమాధి మాత్రం దొరకలేదు, వెతుకుతుండగానే చీకటి పడింది.

తిరిగొచ్చాక కుర్రాడికి చెప్తే, వాడు ఎప్పుడూ లేనిది నెమ్మదిగా స్కినర్డ్ విమానం గురించి చెప్పాడు. 1977 అక్టోబర్ 20న ఇంధనం అయిపోయి మిసిసిపీ అడవిలో కూలింది. పాడే రానీ వాన్ జాంట్‌తో కలిపి మొత్తం ఆరుగురు పోయారు. అంతకు మూడు రోజుల ముందే వచ్చిన రికార్డు అట్ట మీద బ్యాండు మొత్తం మంటల మధ్య నిలబడి ఉంటుంది. తర్వాత ఆ బొమ్మ మార్చేశారు. సూపర్‌వైజర్ ఆ రోజు ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా అనలేదు.

2002లో చదువు అయిపోయింది. డాలస్‌లో ఉద్యోగం. చివరి రోజు సూపర్‌వైజర్ ఒక టీడీకే 90 క్యాసెట్ ఇచ్చారు. 'ఏ' వైపు ఆయన గొలుసుకట్టు రాతలో 'ఫిల్‌మోర్' అని ఉంది. 'బీ' వైపు ఖాళీ. నేను అప్పటికే ఆ రికార్డు అరగదీశాను గనక ఖాళీ వైపు సంగతి పట్టించుకోలేదు.

రూమ్మేట్ కరోలాని నేనే కొనుక్కుని ఇంటర్‌స్టేట్ 20 ఎక్కాను. మిసిసిపీలో ఎక్కడో 'ఏ' వైపు అయిపోయింది. కారులో ప్లేయరు దానంతటదే తిరగేసుకునే రకం. నిశ్శబ్దం ఉంటుందనుకుంటే జనం కేకలు వినిపించాయి. స్కినర్డ్! అట్లాంటా ఫాక్స్ థియేటర్లో 1976 జులైలో రికార్డ్ చేసిన కచేరీ. ఆ థియేటర్‌ని పడగొట్టకుండా కాపాడడానికి మూడు రాత్రులు వాయించారని కుర్రాడు చెప్పగా ఎన్నిసార్లు విన్నానో. ఏడాదిన్నర పాటు ఆ బ్యాండు పేరు చెప్తేనే మూతి తిప్పిన మనిషి నలభై ఐదు నిమిషాలు కూర్చుని రికార్డ్ చేశారు. చివర్లో రానీ వాన్ జాంట్ జనాన్ని ఏం పాట కావాలి అని అడిగాడు, జనం అరిచారు, 'ఫ్రీ బర్డ్' మొదలైంది. గిటార్లు పరుగందుకుని ఊపు మీద ఉండగా టక్కుమని టేపు అయిపోయింది.

తర్వాతి ఎగ్జిట్‌లో పెట్రోలు బంకు దగ్గర ఆపి, క్యాసెట్ డబ్బాలోని అట్టముక్క బయటికి తీసి విప్పాను. లోపలి మడతలో పెన్సిల్‌తో చిన్నగా రాసి ఉంది: ఫాక్స్. మూడో రాత్రి. నా సీటు బాల్కనీలో.

2024 ఏప్రిల్‌లో డికీ బెట్స్ పోయినప్పుడు రాజమండ్రి వాడు ఫోన్ చేశాడు. పలకరింపులైపోగానే మళ్ళీ ఫ్లూటు దగ్గరికే వచ్చాడు. గంటన్నర కొట్టుకున్నాం. ఫోన్ పెట్టేశాక 'ఫ్రీ బర్డ్' పెట్టుకున్నాను, ఫాక్స్‌లో వాయించిందే. ఇప్పుడది ఎక్కడా తెగదు. అయినా సోలోలో ఆ చోటు దగ్గరికి రాగానే నా చెయ్యి క్యాసెట్ తిప్పడానికి కదులుతుంది.